మున్నార్ కొండల్లో వరయాడు కోసం, షోల పక్షుల కోసం: నెల ఎంచుకోవడం నుంచి చిన్నార్ దిగేదాకా ఒక సమగ్ర మార్గదర్శి

మున్నార్ వెళ్లొచ్చినవాళ్లు మన ఊళ్లలో వీధికొకరు ఉంటారు. ఏం చూశారని అడిగితే టీ తోటలు, డ్యామ్, ఎకో పాయింట్, చాక్లెట్లు అంటారు. ఎరవికులం పార్కులోని రాజమల కూడా వెళ్లే ఉంటారు. "అక్కడ మేకలున్నాయి, ఫోటో తీసుకున్నాం" అంటారు. ఆ మేకలే వరయాడులు, ఇంగ్లిష్‌లో నీలగిరి తార్. లోకం మొత్తం మీద అవి మూడు వేలలోపే మిగిలాయి. అవి పడమటి కనుమల్లో, కేరళ, తమిళనాడు కొండల మీద తప్ప ఇంకెక్కడా లేవు. ఒకేచోట వాటి పెద్ద మందలను చూడాలంటే మున్నార్ పక్కనున్న ఎరవికులం జాతీయ పార్కును మించిన చోటు లేదు. ఆ దారి పక్క గడ్డిలో, లోయ మడతల్లో షోల అనే చిట్టడవిలో, ఈ కొండలు దాటితే కనిపించని పిట్టలు కొన్ని తిరుగుతుంటాయి. వాటి కోసమే ఒకసారి వెళ్లాలనుకునేవాళ్లకు ఈ వ్యాసం.

మొదట ఒక్క మాట. కొండ మీద జంతువుల కోసం, పిట్టల కోసం వెళ్లేటప్పుడు "చూడాల్సిన పాయింట్లు" అనే జాబితాను పక్కన పెట్టేయాలి. దాని బదులు మూడు లెక్కలు చూసుకోవాలి: ఏ నెల, ఎంత ఎత్తు, పొద్దున ఎన్ని గంటలు. ఈ మూడూ కుదిరితే మిగతా ప్రయాణం దానంతటదే కుదురుకుంటుంది.

మొదటి పని: నెల ఖాయం చేసుకోండి

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎరవికులం పార్కును సందర్శకులకు మూసేస్తారు. అది వరయాడు ఈనే కాలం. కేరళలో ఈ జంతువును వరయాడు అంటారు, తమిళంలో వరైయాడు. 'వర' అంటే కొండ చరియ, 'ఆడు' అంటే మేక. తల్లులు పిల్లలతో ఉన్నప్పుడు జనం గుంపులుగా వస్తే బెదిరి పరుగులు తీస్తాయి, పిల్లలు వెనకబడిపోతాయి. అందుకే మూత. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అటవీశాఖ ఏ ఏటికాయేడు ప్రకటిస్తుంది. టికెట్లు కొనే ముందే అది చూసుకోవాలి.

నేను మొదటిసారి వెళ్లింది ఫిబ్రవరి చివర్లో. బండి మాట్లాడిపెట్టినాయన "అన్నీ తెరిచే ఉంటాయి సార్" అన్నాడు, నమ్మాను. రైల్లో ఒక పగలూ రాత్రీ, ఘాట్ రోడ్డులో నాలుగు గంటలు కూర్చుని, మా అమ్మాయితో గేటు దగ్గర దిగితే మూసి ఉందని బోర్డు. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి అటవీశాఖ మాట తప్ప ఇంకెవరి మాటా ఆధారం చేసుకోలేదు.

మరి ఎప్పుడు వెళ్లాలి? చాలామంది డిసెంబర్, జనవరి అంటారు. ఆకాశం తేటగా ఉంటుంది, చలి బాగుంటుంది, ఉత్తరాది నుంచి వలస వచ్చిన పిట్టలు ఉంటాయి. నిజమే. కానీ క్రిస్మస్ నుంచి సంక్రాంతి సెలవుల దాకా కొండ మీద అడుగు పెట్టడానికి చోటుండదు. శీతాకాలమే కావాలంటే డిసెంబర్ మొదటి పదిహేను రోజులు చూసుకోండి.

నన్నడిగితే మనవాళ్లకు ఏప్రిల్ చివరి వారం మేలు. పార్కు మళ్లీ తెరిచి ఉంటుంది, పిల్లలకు వేసవి సెలవులు మొదలై ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, రెండు మూడు నెలల వరయాడు పిల్లలు తల్లుల వెనక గెంతుతూ కనిపిస్తాయి. ఈ కొండల్లోనే ఉండే పిట్టలకు అది గూడు కట్టే కాలం, తెల్లవారుజామున వాటి పాట ఆగదు. మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములతో వాన పడొచ్చు. మన పని పొద్దున్నే అయిపోతుంది కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. విజయవాడలోనో కర్నూలులోనో నలభై డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు అక్కడ స్వెటర్ వేసుకుని నిలబడడం దానికదే ఒక సుఖం.

జూన్ నుంచి ఆగస్టు దాకా జడివాన, పొగమంచు, జలగలు. మొదటిసారి వెళ్లేవారికి ఆ నెలలు వద్దంటాను. ఇక నీలకురింజి పూలు. పన్నెండేళ్లకోసారి పూసే ఈ మొక్క 2006లో, 2018లో కొండలను నీలంగా మార్చింది. 2018లో సరిగ్గా పూసే వేళకే ఆగస్టు వరదలొచ్చి దారులు తెగిపోయాయి, చాలామంది చూడలేకపోయారు. మళ్లీ 2030లో, ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య. ఆ ఏడు మాత్రం వానకు వెరవకుండా వెళ్లాల్సిందే.

రెండో పని: ఎత్తును బట్టి దారి గీసుకోండి

ఎక్కువమంది కొచ్చి వైపు నుంచి మున్నార్ ఎక్కి, అదే దారిన దిగొస్తారు. పిట్టల కోసం వెళ్లేవాళ్లు ఒక పక్క నుంచి ఎక్కి, మరో పక్కకు దిగాలి. ఎందుకంటే ఇక్కడ ఎత్తు మారితే అడవి మారుతుంది, అడవి మారితే జంతువులు మారతాయి.

కింద తట్టేకాడ్. సముద్ర మట్టానికి యాభై మీటర్లకు అటూ ఇటూ, పెరియార్ నది ఒడ్డున ఉక్కపోసే పల్లపు అడవి. పైన మున్నార్ పట్టణం, సుమారు 1,500 మీటర్లు. ఇంకా పైన రాజమల, సుమారు 2,000 మీటర్లు. దాని పైన కనిపించే ఆనముడి శిఖరం 2,695 మీటర్లు, దక్షిణ భారతంలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. అటువైపు తమిళనాడు దిక్కుకు దిగితే చిన్నార్. కొండలు వానను అడ్డుకోవడంతో అక్కడ ముళ్ల తుప్పలు, రాళ్లు, మన రాయలసీమ కొండల్లాంటి నేల. మున్నార్ నుంచి చిన్నార్‌కు అరవై కిలోమీటర్లు ఉండదు. ఆ కాస్త దూరంలో జలగల తడి అడవి నుంచి నక్షత్ర తాబేళ్ల మెట్ట అడవికి వచ్చేస్తాం.

అయిదు రోజులుంటే ఇలా వెళ్లండి. మొదటి రోజు ఆలువా స్టేషన్‌లో దిగి కొత్తమంగళం మీదుగా తట్టేకాడ్ చేరి, రాత్రి అక్కడే ఉండండి. రెండో రోజు పొద్దున అక్కడి అడవి చూసి మధ్యాహ్నానికి మున్నార్ ఎక్కండి. మూడో రోజు ఎరవికులం, నాలుగో రోజు షోల అడవి. అయిదో రోజు మరయూర్ మీదుగా చిన్నార్, అక్కడి నుంచి ఉడుమలైపేట దిగి కోయంబత్తూరులో రైలెక్కండి. మూడు రోజులే ఉంటే తట్టేకాడ్ వదిలేయండి. ఎంత తొందరున్నా చిన్నార్ వదలొద్దు.

ప్రయాణం, బస

సికింద్రాబాద్ నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఆలువాలో ఆగుతుంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ వాళ్లకు ధన్‌బాద్–అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఉంది. విమానంలో అయితే కొచ్చి. ఆలువా నుంచైనా విమానాశ్రయం నుంచైనా మున్నార్ సుమారు 110 కిలోమీటర్లు, నాలుగు గంటలు వేసుకోండి. నేరియమంగళం వంతెన దాటాక మలుపులు మొదలవుతాయి. వాంతుల భయమున్నవాళ్లు కడుపు నిండా తిని ఎక్కకూడదు, ముందు సీటు అడిగి తీసుకోవాలి.

మున్నార్‌లో బస ఎంచుకునేటప్పుడు గదిలోంచి కనిపించే దృశ్యం కన్నా మరో సంగతి ముఖ్యం. తెల్లవారి అయిదున్నరకు బయటికి అడుగేస్తే నడవడానికి చెట్లున్న దారి ఉండాలి. పట్టణం నడిబొడ్డున ఉంటే ఆటోలు, హారన్లు. అయిదారు కిలోమీటర్లు అవతల, టీ తోటకూ చిట్టడవికీ అంచున ఉండే చిన్న హోమ్‌స్టే చాలు. ఫోన్ చేసి ఒకటే అడగండి: "పొద్దున ఆరింటికి టీ ఇస్తారా?" పక్షుల వాళ్లు వచ్చిపోయే చోటైతే వెంటనే ఇస్తామంటారు.

భాష గురించి బెంగ వద్దు. టీ తోటల్లో తరాలుగా పనిచేస్తున్నవాళ్లలో తమిళులే ఎక్కువ, కాబట్టి మున్నార్‌లో తమిళం బాగా నడుస్తుంది. మనం "అన్నా" అని పిలిస్తే అక్కడా అన్నే.

టికెట్లు, అనుమతులు

ఎరవికులం విస్తీర్ణం 97 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు తెల్లదొరల టీ కంపెనీవాళ్ల వేట నేల అది. అక్కడి ముత్తువాన్ గిరిజనులనే కాపలాకు పెట్టి, తమ వేట కోసం మిగతావాళ్లను రానివ్వలేదు. ఆ కాపలా వల్లనే వరయాడు మందలు బతికి బట్టకట్టాయి. 1971లో కేరళ ప్రభుత్వం చట్టం చేసి భూములు తీసుకుంది, 1975లో అభయారణ్యం చేసింది, 1978లో జాతీయ పార్కు చేసింది. అందులో మనకు తెరిచి ఉంచింది రాజమల వైపు చిన్న భాగమే. మిగతాదంతా జంతువులకే వదిలేశారు, అదే సరైన పద్ధతి. ఆనముడి ఎక్కుతామని ఎవరైనా బయట ఆశ పెడితే నమ్మొద్దు.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పొద్దున మొదటి విడత దొరికితే అదే పట్టుకోండి. మన బండి అయిదో మైలు దగ్గర ఆపేయాలి, అక్కడి నుంచి అటవీశాఖ బస్సులో రాజమలకు తీసుకెళ్తారు. దిగాక కొండ పక్కన సుమారు కిలోమీటరున్నర నడక దారి. కెమెరాకు వేరే రుసుము ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు లోపలికి రానివ్వరు. నీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి.

షోల అడవిలో, చిన్నార్‌లో నడవాలంటే అటవీశాఖ గైడుతోనే వెళ్లాలి. చిన్నార్‌లో ఆ పని చేసేది ఎక్కువగా ఆ అడవిలోనే పుట్టి పెరిగిన ముత్తువాన్, పులయ గిరిజనులు. వాళ్లకిచ్చే రుసుము ఖర్చనుకోవద్దు, ఈ ప్రయాణం మొత్తంలో సరైన చోటికి చేరే డబ్బు అదే. వీలైతే ఒకరోజు ముందే చెప్పి, తెల్లవారి బయల్దేరేలా మాట్లాడుకోండి.

సంచిలో ఏముండాలి

కెమెరా లేకపోయినా ఫరవాలేదు, బైనాక్యులర్ లేకుండా మాత్రం వెళ్లకండి. దాని మీద 8x42 అని ఉంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. పదిరెట్లది కొంటే ఇంకా దగ్గరగా కనిపిస్తుందని చాలామంది అటు మొగ్గుతారు. చేతుల వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, చూపులో పట్టే మేర తగ్గుతుంది, పిట్టను వెతుక్కునేలోపు అది ఎగిరిపోతుంది. షోల అడవి లోపల మిట్టమధ్యాహ్నం కూడా మసకే. అక్కడ వెలుతురు ఎక్కువ పట్టే 8x42 బాగా పనికొస్తుంది.

కొన్నాక దాన్ని మీ కళ్లకు సరిచేసుకోవాలి. ఈ పని చేయకుండా "నాకు మసగ్గా ఉంది" అని సంచిలో పడేసినవాళ్లను చాలామందిని చూశాను. దూరంగా ఒక బోర్డు చూడండి. కుడివైపు అద్దాన్ని చేత్తో మూసి, మధ్యనున్న చక్రం తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా చేయండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, మధ్య చక్రం కదపకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగు తిప్పి అదే బోర్డు స్పష్టం చేయండి. ఆ రింగు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, ఇక అది మీ కంటి కొలత. తర్వాత ఎప్పుడైనా మధ్య చక్రం ఒక్కటి తిప్పితే చాలు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి దించుకోవాలి.

చూసే పద్ధతి కూడా ఉంది. పిట్ట మీద నుంచి చూపు తిప్పకుండా, బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. తల దించి దాన్ని చూసి, మళ్లీ పైకెత్తితే కొమ్మ పోతుంది. వెళ్లే ముందు ఇంటి మేడ మీద వారం రోజులు కాకుల మీద, గోరింకల మీద సాధన చేయండి. పిల్లలకైతే ఇది ఆటలా ఉంటుంది.

బట్టలు ఆకుపచ్చవో మట్టి రంగువో అయితే చాలు. తెలుపు, ఎరుపు వద్దు. శీతాకాలం పొద్దున మంచు గడ్డకట్టేంత చలి ఉంటుంది, చేతి తొడుగులు తీసుకెళ్లండి. ఏ నెలైనా ఒక రెయిన్‌కోటు ఉండాలి. పొగమంచులో గొడుగు పట్టుకుని బైనాక్యులర్ చూడలేం. వాన పడ్డాక షోలలోకి వెళ్తే మోకాళ్ల దాకా కట్టుకునే జలగ మేజోళ్లు కావాలి. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఫోన్‌లో ముందే దించుకుని, దక్షిణ భారత పక్షుల ప్యాక్ కూడా వైఫై ఉన్నచోట దించి పెట్టుకోండి, కొండ మీద సిగ్నల్ అందదు.

రాజమల పొద్దున

మొదటి బస్సులో ఎక్కితే దిగేసరికి దారి మీద జనం పలుచగా ఉంటారు. అందరూ పైకి గబగబా నడుస్తారు. మీరు అలా నడవొద్దు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ముందు కొండ రాతి అంచులను, తర్వాత దారి పక్క గడ్డిని చూడండి. వరయాడు మంద మేస్తుంటే ఒకటి మాత్రం ఎత్తైన రాతి మీద నిలబడి కిందికి చూస్తుంటుంది. చిరుత అయినా రేచుకుక్కలైనా కింది నుంచే వస్తాయని దానికి తెలుసు. ఆ కాపలా దాన్ని గుర్తుపట్టారంటే మంద దొరికినట్టే.

ఒకసారి ఏప్రిల్‌లో, దారి పక్క సిమెంటు గోడకు రెండు బారల దూరంలో ఒక తల్లి మేస్తోంది. గడ్డి పరక తెగిన ప్రతిసారీ చిన్న "పుట్" చప్పుడు. వెంట్రుకలు దగ్గరి నుంచి చూస్తే బూడిద రంగు కాదు, గోధుమ, పసుపు కలిసిన ముతక నార. తడి మంచు వాటి చివర్లలో ముత్యాల్లా నిలిచి ఉంది. పక్కనే దాని పిల్ల. గోడంత నిటారుగా ఉన్న రాతి పలక మీద, అరచేతి వెడల్పు పగులులో నాలుగు గిట్టలూ పెట్టి నిలబడింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టింది. పిల్ల కిందికి చూసి, మెడ వంచి, అక్కడ మొలిచిన ఒక గడ్డి పోచను కొరికి, ఏమీ కానట్టు పైకి వెళ్లిపోయింది.

ముసలి పోతులను చూస్తే వెంటనే తెలుస్తుంది. ఒళ్లంతా దాదాపు నలుపు, వీపు మీద మాత్రం జీను వేసినట్టు వెండి మచ్చ. కొమ్ములు ఆడవాటికీ ఉంటాయి, వెనక్కి వంగి ఉంటాయి. చూడ్డానికి మేకే గానీ, 2005లో వచ్చిన జన్యు పరిశోధన దీన్ని గొర్రెల దగ్గరి చుట్టమని తేల్చింది. అప్పటి నుంచి దానికి వేరే ప్రజాతి పేరు పెట్టారు.

ఈ మంద మనుషులకు అలవాటు పడింది. దగ్గరికొస్తుంది కదా అని చెయ్యి చాపడం, బిస్కెట్ చూపడం, పిల్లలను పక్కన నిలబెట్టి ఫోటో తీయడం చేయకండి. అది దగ్గరికొస్తే మీరు ఒకడుగు వెనక్కి వేయండి. ఉప్పు రుచి మరిగిన జంతువు రోడ్ల మీదికొస్తుంది, బండ్ల కింద పడుతుంది.

ఇదే దారిలో గడ్డిలో నడిచే ఒక గోధుమరంగు చారల పిట్టను పిచ్చుకేలే అని తీసిపారేయొద్దు. అది నీలగిరి పిపిట్, ఈ ఎత్తైన గడ్డి మైదానాల్లో తప్ప బతకని పిట్ట. నల్లగా, పొడవు రెక్కలతో టీ తోటల మీద నెమ్మదిగా తేలుతూ వెళ్లే గద్దను చూస్తే అది బ్లాక్ ఈగిల్. పార్కు గురించి బొమ్మలతో చెప్పే కేంద్రం గోడలమీద, చుట్టుపక్కల కట్టడాల చూరు కింద మట్టి గూళ్లు కట్టేవి హిల్ స్వాలోలు.

షోల అడవిలో నిలబడడం

షోల అంటే లోయ మడతలో, వాగు వెంట ఇమిడిపోయిన పొట్టి అడవి. పైనంతా గడ్డి, మడతలో అడవి. గాలికీ, శీతాకాలపు మంచు కాటుకూ తట్టుకోలేని చెట్లు అలా లోయల్లోకి ఒదిగిపోయాయి. ఆ గడ్డీ, ఆ అడవీ కలిసి వాననీటిని స్పంజిలా పట్టి ఏడాదంతా వదులుతాయి. కింద నదులు పారేది దానివల్లే. చాలాచోట్ల గడ్డిని తీసేసి తుమ్మజాతి చెట్లు, యూకలిప్టస్ నాటడం వల్ల పిపిట్ లాంటి పిట్టలకు నేల లేకుండా పోయింది. రోడ్డు పక్క పెరిగిన పచ్చని చెట్లన్నీ అడవి కాదని ఇక్కడికొచ్చాకే నాకు అర్థమైంది.

మున్నార్ నుంచి టాప్ స్టేషన్ మీదుగా వట్టవడ దారిలో పాంబాడుం షోల ఉంది. 2003లో జాతీయ పార్కు చేశారు, విస్తీర్ణం చదరపు కిలోమీటరున్నర కూడా లేదు, కేరళలో అన్నిటికన్నా చిన్నది. చిన్నదే గానీ నల్లని ఒంటితో, బంగారు రంగు తలతో ఉండే నీలగిరి కొండముచ్చు, అడవిదున్న, అదృష్టం బాగుంటే నీలగిరి మార్టెన్ కూడా కనిపిస్తాయి. మార్టెన్ ముంగిస కన్నా పొడవు, గొంతు కింద నారింజ పసుపు. నాకు ఒక్కసారే, మూడు సెకన్లు కనిపించింది.

ఇక్కడ పిట్టలు చూడాలంటే నడవకూడదు, నిలబడాలి. వాగు దాటే చోటో, దారి పక్క తడి గట్టో ఎంచుకుని ఇరవై నిమిషాలు కదలకుండా ఉండండి. మొదటి అయిదు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత మీరున్న సంగతి అడవి మర్చిపోతుంది.

ముందుగా సన్నని ఈల, పురుగు కూతలా ఉంటుంది. నేలకు ఒక అడుగు ఎత్తులో, నీడలో, నిమ్మకాయంత నారింజ రంగు పిట్ట కూర్చుని ఉంటుంది. రెక్కలు, తల నలుపు. అదే బ్లాక్ అండ్ ఆరెంజ్ ఫ్లైక్యాచర్. ఎక్కువ దూరం ఎగరదు, ఒక కొమ్మ నుంచి పక్క కొమ్మకు, మళ్లీ అదే కొమ్మకు. ఒకసారి దొరికిందంటే తీరిగ్గా చూడొచ్చు. కాస్త పైన, ఆకుల మధ్య ముదురు నీలి పిట్ట కనిపిస్తే నీలగిరి ఫ్లైక్యాచర్.

నేల మీద, ఎండుటాకుల్లో పొడుగు కాళ్లతో గెంతేది వైట్ బెల్లీడ్ షోలకిలి. సీసం నీలి ఒళ్లు, తెల్లని పొట్ట, కంటి మీద తెల్లని గీత. తమిళ, మలయాళాల్లో 'కిళి' అంటే పిట్ట, చిలుక. షోలలో తప్ప ఉండదు కాబట్టి ఆ పేరే శాస్త్రీయనామంలోకీ వెళ్లింది, 2017లో. పాలక్కాడ్ దగ్గర కనుమలు తెగి ఒక పెద్ద సందు ఉంది కదా, దానికి ఉత్తరాన ఉండే షోలకిలి వేరే జాతి, దక్షిణాన ఇది. రెక్కలున్న పిట్ట ఆ సందు దాటలేక వేరైపోయింది. కొండ పైన చల్లని అడవి దానికి ఒక ద్వీపం, మధ్యలోని వేడి పల్లం దానికి సముద్రం.

పలని లాఫింగ్ థ్రష్ కోసం అడవి లోపలికి వెళ్లక్కర్లేదు. జంటగా, అరుచుకుంటూ హోమ్‌స్టే పెరటి పొదల్లోకే వస్తుంది. నీలగిరి వుడ్ పీజియన్ మెడ వెనక చదరంగం గళ్లున్న పెద్ద పావురం, పండ్లున్న చెట్టు కింద వేచి చూడాలి.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఫోన్‌లో పిట్ట కూత మోగించి దాన్ని రప్పించడం మానేయండి, గైడు చేస్తానన్నా వద్దనండి. తన నేలలోకి వేరే మగపిట్ట వచ్చిందనుకుని అది గూడు, పిల్లలను వదిలి కొట్లాటకు వస్తుంది. ఏప్రిల్, మేలలో అయితే గుడ్లు చల్లబడతాయి. మెర్లిన్ యాప్ వాడేది వినడానికే.

తట్టేకాడ్, క్లుప్తంగా

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టిన ఈ అభయారణ్యం 25 చదరపు కిలోమీటర్లు, 1983లో ఏర్పడింది. 1933లో తిరువితాంకూర్ పక్షుల సర్వే చేస్తూ ఆయన ఇక్కడ తిరిగాడు. ఇక్కడికి ముఖ్యంగా ఫ్రాగ్‌మౌత్ కోసం వెళ్లాలి. కప్ప నోటి లాంటి వెడల్పు ముక్కుతో, పగలంతా ఎండుటాకుల గుత్తిలా కొమ్మ మీద జంటగా కూర్చుంటుంది. గైడు వేలు చూపించినా రెండు నిమిషాలు కనిపించదు. దొరికాక అయిదు నిమిషాలకు మించి నిలబడొద్దు, అది నిద్రపోతున్న పిట్ట.

చిన్నార్‌కు దిగడం

మున్నార్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరండి. టీ తోటలు అయిపోయి మరయూర్ వస్తుంది. అక్కడ గంధపు చెట్లు రోడ్డు పక్కనే సహజంగా పెరుగుతాయి, చుట్టూ కంచె, కాపలా. చెరకు బెల్లం ఉండలు అమ్ముతారు, తప్పక కొనండి, భౌగోళిక గుర్తింపు వచ్చిన బెల్లం అది. మరయూర్ దాటి దిగుతున్నకొద్దీ స్వెటర్లు విప్పేయాల్సి వస్తుంది.

చిన్నార్ నది ఒడ్డున మద్ది, నేరేడు లాంటి పెద్ద చెట్లుంటాయి. వాటి మీద బూడిద రంగు జూలు తోకతో పెద్ద ఉడుత ఉంటుంది, గ్రిజిల్డ్ జెయింట్ స్క్విరెల్. మన నల్లమలలో కనిపించే ఎర్ర బెట్టుడత కాదు, దాని చెల్లెలు. నది ఒడ్డు చెట్లను వదలి రాదు, కొమ్మలు కలిసి ఉంటేనే ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పోగలదు. తల పైకెత్తి, రెండు కొమ్మల పంగల్లో ఆకుల గూళ్లు వెతకండి.

ఈ దారిలో ఏనుగులు రోడ్డు దాటుతాయి. కనిపిస్తే బండి ఆపి, ఇంజన్ ఆపకుండా, దూరంగా ఉండండి. దిగి ఫోటోలకు వెళ్లకండి, హారన్ కొట్టకండి. చీకటి పడ్డాక ఈ అడవి రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోవద్దు, మూడు నాలుగింటికల్లా ఉడుమలై వైపు దాటేలా చూసుకోండి.

రాసుకోండి

ప్రతి పూటా ఒక చిన్న పుస్తకంలో చోటు, సమయం, ఎంతసేపు, ఏం చూశారు, ఎన్ని అన్నది రాయండి. గుర్తుపట్టలేని పిట్టను కూడా రాయండి: సైజు, ముక్కు, తోక, ఏం చేస్తోంది. రాత్రి బసలో ఆ లెక్కలను ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో ఎక్కించండి. ఏ పిట్ట ఏ ఎత్తుకు జరుగుతోందో చెప్పేది ఇలాంటి లెక్కలే. మా అమ్మాయి పుస్తకంలో మొదటి పేజీ "వరయాడు 23, పిల్లలు 6" అని ఉంది.

చివరి పేజీ చిన్నార్‌ది. రాళ్ల మధ్య తుప్పలో పసుపు గొంతు పికిలి పిట్ట ఒకటి, 7:10కి. ఈ పిట్ట దక్షిణాది రాతి కొండల్లోనే ఉంటుంది, మన హార్స్‌లీ కొండ మీదా, నల్లమల, శేషాచలం రాళ్లల్లోనూ ఉంది. గొంతు, తల పసుపు, కూత గరుకు. చిన్నార్‌లో ఆ కూత చెవికెక్కించుకోండి. ఇంటికొచ్చాక ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకు హార్స్‌లీలో బండరాళ్ల పక్క పొద దగ్గర ఇరవై నిమిషాలు నిలబడండి.